గుండిగ అంచుకు పడ్డ గాటు

కళాయి సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే ముందు రాగి గుండిగ అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఇంటెడు మందికి ఒకేసారి పప్పో పులుసో ఉడికించే పెద్ద పొట్ట పాత్ర అది. వట్టి రాగిలో చింతపండు పులుసు కాచారంటే చిలుమెక్కి కడుపు చెడిపోతుంది. అందుకని లోపల పల్చగా తగరం పూయించేవారు. ఆ పూతే కళాయి. వీధిలోకి కళాయి వేసే మనిషి వచ్చి కేకేస్తే ఆడవాళ్లు గిన్నెలు మోసుకుంటూ పరుగెత్తేవారు. స్టీలు వచ్చాక ఆ కేక ఆగిపోయింది.

అలాంటి కళాయి మీద నేను లేజరు కొట్టాను. నవ్వకండి. నా ముప్పై ఏళ్ల నౌకరీలో గట్టిగా చెప్పుకోదగ్గ పని ఏదయ్యా అంటే అదే.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో సాంకేతిక సహాయకుడిగా చేరి, అదే కుర్చీలో రిటైరైనవాణ్ణి నేను. పెద్దలు ఆలోచించేవారు, మేము మరలు బిగించేవాళ్లం. తొంభైలు మొదలైన కొత్తలో మా గదిలోకి ఒక విదేశీ యంత్రం దిగింది. దాని పని చెబుతాను, కష్టమేమీ కాదు. సూక్ష్మదర్శిని గుండా లేజరు వెలుగును వెంట్రుక కంటే సన్నగా కుదించి వస్తువు మీద ఒక్క దెబ్బ కొడతాం. అంతటి వేడి అంత చిన్న చోట పడేసరికి అక్కడి లోహం ఆవిరైపోతుంది. ఆ ఆవిరిలో కొన్ని పరమాణువులు తమ ఎలక్ట్రానును పోగొట్టుకుంటాయి. వాటినే అయాన్లంటాం. కరెంటు వాటిని గాలి తీసేసిన పొడవాటి గొట్టంలోకి తోస్తుంది. తేలికవి ముందు చివరికి చేరతాయి, బరువైనవి వెనక చేరతాయి. బస్సు దిగిన వాళ్లలో చేతిసంచివాళ్లు ముందు ఇల్లు చేరి, మూటలవాళ్లు తర్వాత చేరినట్టు. ఎవరు ఎప్పుడొచ్చారో చూస్తే వాళ్లెవరో తెలిసిపోతుంది. తెర మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క గీత లేస్తుంది.

యంత్రమైతే వచ్చింది గానీ పని రాలేదు. కొన్నాళ్లు రూపాయి బిళ్ల మీద, గుండుసూది మీద, మా పెద్దసారు పాత కళ్లజోడు ఫ్రేము మీద కొట్టుకుంటూ కూచున్నాం. నాతో ఇంకొక ఆపరేటరు ఉండేవాడు. కోస్తావాడు, మంచివాడు, క్రికెట్ పిచ్చివాడు. పూనకం వచ్చినట్టు మాట్లాడేవాడు. ఒక్కో దెబ్బ కొట్టాక పక్కనున్న చిన్న మర తిప్పి నమూనాను కొత్త చోటికి జరపడం అతని పని. ఈ మర సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు పెద్దసారు నన్ను పిలిచారు. ఆయనతో చదువుకున్న డాక్టరు ఒకాయన సూర్యాపేటలో ఉండేవారు. ఆ డాక్టరు ఫోన్ చేశారట. లారీ షెడ్ల పక్కన భోజన హోటలు నడిపే ఆలుమగలూ, వాళ్ల వంటమనిషీ కొంతకాలంగా కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నారు. ఇంటాయనకు చేతుల్లో పట్టు తప్పి గరిటె జారిపోతోంది. చిగుళ్ల మీద నీలిగీత కనబడింది. సీసం ఒంట్లోకి పోతే వచ్చే లక్షణాలు అవి. హోటల్లో గుండిగకు కొత్తగా కళాయి వేయించారు. కళాయి వేసేవాళ్లు తగరంలో సీసం కలిపేస్తారని జనంలో ఎప్పటినుంచో ఒక మాట ఉండనే ఉంది. ఇంకేం కావాలి? అందరి వేళ్లూ ఆ కళాయి వేసిన సాయిబు మీదికి తిరిగాయి.

ఆయనది కోదాడ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల బజార్లే ఆయన లోకం. అంతకు ముందు వాళ్ల నాన్న తిరిగిన దారి కూడా అదే.

"నీది కోదాడ దగ్గరి చిలుకూరు కదా, అక్కడి మాట నీకు తెలుసు. వెళ్లి ఆ గుండిగలోంచి చిన్న ముక్క కోసుకురా," అన్నారు పెద్దసారు. "ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఉంచమని డాక్టరుతో చెప్పించాను."

సూర్యాపేటలో బస్సు దిగి హోటలు చేరేసరికి గుండిగ అరుగు మీద తళతళ మెరుస్తోంది. హోటలమ్మ నలభై దాటిన మనిషి, మొహం పాలిపోయి ఉంది, అయినా నడుముకు కొంగు బిగించే ఉంది.

"అమ్మా, దీన్ని కడిగారా?" అన్నాను.

"పొద్దుగాల లేసి రెండుమాట్ల తోమిన సారూ. పెద్ద మిషన్ల పెడ్తరంట గద. ఎంగిలి గిన్నె ఎట్లిస్తం? మాకు ఇజ్జత్ లేదా?"

ముట్టుకోవద్దని డాక్టరు చెప్పలేదా అని అడిగాను. చెప్పారట. ఆ మాటకు ఆవిడ తీసుకున్న అర్థం, దాంట్లో మళ్లీ వండవద్దని. తోమవద్దని లోకంలో ఎవరైనా చెబుతారా? కళాయి తోమితే ఊడిపోయేది కాదు కదా అని సర్దుకుని, పక్క షెడ్డులో రేకులు కోసే కత్తెర అడిగి తెచ్చాను. గుండిగ అంచున గోరంత ముక్క కోస్తుంటే ఆవిడ అటు తిరిగి నిలబడింది.

"మా అమ్మ పెట్టింది బిడ్డా అది," అంది. నాది చిలుకూరు అని తెలిశాక సారు కాస్తా బిడ్డ అయ్యాడు.

ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునే లోపలే బయట గొడవ. హైదరాబాదు నుంచి పరీక్ష చేసేవాళ్లు వచ్చారని తెలిసి కళాయి సాయిబు భార్యను వెంటపెట్టుకుని కోదాడ బస్సులో దిగిపోయాడు. బక్కమనిషి, కోపం మాత్రం ఆరడుగులు.

"మీరేనా సార్? ఇదిగో నా తగరం. పట్టుకుపోండి, ఎక్కడ పెట్టి చూస్తారో చూడండి," అంటూ గుడ్డలో చుట్టిన కడ్డీ నా చేతిలో కుక్కబోయాడు.

"అది తీసుకోను సాయిబూ. నువ్విచ్చింది పరీక్ష చేస్తే, మంచిది ఏరి తెచ్చి ఇచ్చాడంటారు."

"వాహ్! మంచి తగరం చూపెట్టినా తప్పేనా? ఇగ నేను ఏం చూపెట్టాలి సార్, చెడ్డది కొనుక్కొచ్చి చూపెట్టాలా?"

కడ్డీని మళ్లీ ఆయన చేతిలోకే తోశాను. ఆయన భార్య ముందుకొచ్చింది. కొలిమి తిత్తి ఊదేది ఆవిడేనట.

"మిర్యాలగూడల గేటు కూడ తీస్తలేరు సారూ. నిన్నటిదాంక రా సాయిబూ రా సాయిబూ అన్నోళ్లే, ఇయ్యాల మమ్మల్ని సూసి పిల్లల్ని లోపటికి గుంజుకుంటున్నరు. తిత్తి వాడకపోతే తోలు ఎండి పగుల్తది. మాకు ఇంకో పని రాదు."

సాయిబు గొంతు తగ్గింది. "మా నాయన వేసిన కళాయి గిన్నెలు ఈ బజార్లో ఇంకా ఉన్నయి. నేను విషం పోసే మనిషినంట. మీ మిషను అబద్ధం చెప్పదు కదా సార్?"

"చెప్పదు," అన్నాను.

హోటలమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆయన వైపు చూడలేదు. కట్టుకున్నవాడు లోపల కడుపు పట్టుకుని పడుకుంటే ఆవిడను మాత్రం ఏమనగలం?

హైదరాబాదు వచ్చి ముక్కను యంత్రంలో పెట్టాం. తగరం గీతలు చూడముచ్చటగా ఉంటాయి. ఆ లోహానికి బరువులో చిన్న చిన్న తేడాలున్న పరమాణువులు పది రకాలు. తెర మీద పది గీతలూ పెద్ద ఉమ్మడి కుటుంబం ఫొటో దిగినట్టు వరుసగా నిలబడతాయి. సీసం బాగా బరువు. అందరూ వచ్చాక నింపాదిగా చివర్న వచ్చి, మూడు గీతలై దగ్గరదగ్గరగా కూచుంటుంది. ముక్క మీద ఎక్కడ కొట్టినా ఆ మూడూ వచ్చి కూచున్నాయి. వాటితోపాటు పొటాషియం కూడా లేచింది. అది చెమట తగిలినా లేస్తుంది, దాన్నెవరం పట్టించుకోలేదు.

పెద్దసారు కాగితం తీసి, కళాయిలోనే సీసం ఉందని రాయడం మొదలుపెట్టారు. నాకు మనసేమీ బాగాలేదు. సాయిబు మొహమే కళ్ల ముందు తిరుగుతోంది. ఆ కోపం దొంగ కోపంలా అనిపించలేదు నాకు. కానీ గీతల ముందు నా అనిపించడం ఎంత?

పెద్దసారుకు ఒక నియమం ఉండేది. ఎవరి మీదికైనా మాట వెళ్లేటప్పుడు ఇంకోసారి కొట్టి చూడాల్సిందే. మర్నాడు మా ఆపరేటరు కూచున్నాడు. ఆ రోజు మ్యాచ్ ఉంది. బల్ల మీద ట్రాన్సిస్టరు గుసగుసలాడుతోంది. మనవాళ్లు ఏదో చిక్కులో ఉన్నారు. ఇతను ఒక చేత్తో మీట నొక్కుతూ, రెండో చేత్తో ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, కెప్టెన్ చేసిన తప్పులన్నీ నాకు వివరిస్తున్నాడు.

ఉన్నట్టుండి కెవ్వుమన్నాడు. "ఒరేయ్, మిషను చచ్చిందిరా బాబూ! సీసం పోయింది!"

నిజమే. తెర మీద తగరం పది గీతలూ దర్జాగా నిలబడి ఉన్నాయి. చివర్న కూచోవాల్సిన ముగ్గురూ మాయం. మళ్లీ నొక్కాడు. లేరు. పొటాషియం కూడా దాదాపు పోయింది. విదేశీ యంత్రం, విడిభాగం రావాలంటే ఏడాది. కేక విని పెద్దసారు వచ్చారు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చాలాసేపు చూశారు.

"వరుసగా చుక్కలుండాలి కదయ్యా. ఒక్కటే గుంట ఉందేమిటి?"

మావాడు మర వైపు చూశాడు. నేనూ చూశాను. కెప్టెన్ తప్పులు చెబుతూ చెబుతూ ఇతను అది తిప్పడం మరిచిపోయాడు. కొట్టిన చోటే కొట్టి, కొట్టిన చోటే కొట్టి, బావి తవ్వినట్టు కిందికి దిగిపోయాడు.

"ఎన్నిసార్లు కొట్టావు?"

"లెక్కపెట్టలేదండీ. మనవాళ్ల వికెట్లు పడుతున్నాయండీ."

తిట్లు మొదలవుతాయని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. పెద్దసారు తిట్టలేదు. "పక్కన కొత్త చోట పెట్టు. ఈసారి బుద్ధిపూర్వకంగా మర తిప్పకు," అన్నారు.

మొదటి దెబ్బకు సీసం, పొటాషియం దండిగా లేచాయి. తర్వాతి దెబ్బకు తగ్గాయి. ఇంకా కొడితే పోయాయి. ఆ కింద ఎంత లోతుకు పోయినా తగరమే. చివరికి రాగి తగిలింది. అంటే సీసం కళాయిలో లేదు. కళాయి మీద, పైపైన, కంటికి కనబడని పొరలా అంటుకుని ఉంది. సాయిబు తగరం శుద్ధమైన తగరం.

యంత్రం అబద్ధం చెప్పదని ఆయనకు మాటిచ్చాను కదా. చెప్పదు, నిజమే. అడిగినంతవరకే చెబుతుంది. మనం పైపైన అడిగితే పైపైనే చెబుతుంది.

"మరి పైన ఎక్కడిది? ఆ పొటాషియం ఎక్కడిది?" అన్నారు పెద్దసారు తనలో తాను.

అప్పుడు నా చెవిలో హోటలమ్మ గొంతు వినిపించింది. పొద్దుగాల లేసి రెండుమాట్ల తోమిన సారూ.

"బూడిద సార్!" అన్నాను. "మా వైపు పొయ్యిలో బూడిదతో తోముతారు. కట్టెల బూడిదలో పొటాషియం ఉంటుంది కదా."

"కట్టెల్లో సీసం ఉండదు కదయ్యా."

ఉండదు. ఆ మాట పట్టుకునే మళ్లీ సూర్యాపేట బస్సెక్కాను.

ఈసారి డాక్టరును వెంటపెట్టుకుని నేరుగా హోటలు వంటింట్లోకి వెళ్లాను. పొయ్యిగడ్డ పక్కన తట్టలో బూడిద ఉంది, దాని మీద కొబ్బరిపీచు. పొయ్యి దగ్గర కట్టెల మోపుతో పాటు నల్లటి పెంకులు గుట్టగా పోసి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. గట్టి రబ్బరు, ఒకవైపు తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"ఇవేంటమ్మా?"

"బ్యాటరీ డబ్బల పెంకులు బిడ్డా. పక్క షెడ్డోళ్లు పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి పారేస్తరు. కట్టెలు పచ్చిగున్నప్పుడు ఇవి రెండేస్తే జప్పున అంటుకుంటయ్. వానకాలం సంది వీటితోనే పొయ్యి ముట్టిస్తున్న."

డాక్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే పీట మీద కూచున్నారు. బ్యాటరీ లోపల ఉండేదంతా సీసమే. దాన్ని పొయ్యిలో పెట్టి, ఆ పొగ పీల్చి, ఆ బూడిదతో గిన్నెలు తోముకుని, ఆ చేతులతోనే తింటున్నారు. "నాకు అప్పుడే తట్టాల్సింది," అన్నారాయన. "ఇస్తరాకులో తిని పోయే లారీవాళ్లకు ఏమీ కాలేదు. పొయ్యి దగ్గర ఉండేవాళ్లకే వచ్చింది. అందరం గిన్నెలోకే తొంగి చూశాం గానీ పొయ్యిలోకి చూడలేదు."

సంగతి అర్థమయ్యాక హోటలమ్మ పెంకులను కాలితో అవతలికి నెట్టింది. తర్వాత తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"సుబ్బరంగ ఉండాలని తోమిన గద బిడ్డా. ఒక్కపూట గూడ మాపటి గిన్నె ఉంచలే. గా తోముడేనా మా ఆయన్ని పండబెట్టింది?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి, "తప్పు తోముడుది కాదమ్మా, ఆ పెంకులది," అన్నారు.

కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మరి గా సాయిబును ఎన్ని మాటలంటిమి," అంది.

బూడిదా, పెంకు ముక్కా హైదరాబాదుకు పట్టుకెళ్లి కొడితే ఆ మూడు గీతలు తెర పైకి దూసుకొచ్చాయి. పెద్దసారు పాత కాగితం చింపేసి కొత్తది రాశారు. డాక్టరు దాన్ని హోటలు గోడకు అంటించారు. షెడ్డువాళ్లను పిలిచి పెంకులు ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పారు. పెంకులు ఆగాయి, మందులు పడ్డాయి, చలికాలం పోయే నాటికి ఇంటాయన గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు డాక్టరు నుంచి కబురొచ్చింది. గుండిగకు మళ్లీ కళాయి వేయిస్తున్నారని, మమ్మల్ని రమ్మని. మా ఆపరేటరు కూడా బయల్దేరాడు. ఆ రోజు మ్యాచేమీ లేదు లెండి.

కొలిమి హోటలు వెనక కాదు, ముందు, రోడ్డు మీదికే పెట్టించింది హోటలమ్మ. వచ్చేపోయే లారీలన్నీ చూడాలని. సాయిబు భార్య తిత్తి ఊదుతుంటే బొగ్గులు ఎర్రబడ్డాయి. సాయిబు గుండిగను పట్టకారుతో పట్టుకుని మంట మీద తిప్పి, తగరం పట్టేలా రాగిని శుభ్రం చేసే నవాసాగరం చల్లాడు. తెల్లటి పొగ గుప్పుమంది. తగరం కడ్డీ ఒక్కసారి అలా తాకించి, దూదితో గిర్రున తుడిచాడు. ఎర్రటి రాగి మీద వెన్నెల పరుచుకున్నట్టు పూత సాగిపోయింది. మా ఆపరేటరు కూడా నోరు మూసుకుని చూశాడు. అది నేను ఎరిగినంతలో మొదటిసారి.

"నీవల్లనే బయటపడిందంట కద సార్. ఏం చేసినవ్ నువ్వు?" అని సాయిబు అతన్ని అడిగాడు.

"నేనేం చెయ్యలేదండీ. చెయ్యాల్సింది మర్చిపోయానండీ," అన్నాడు మావాడు సిగ్గుపడుతూ. విన్నవాళ్లంతా గొల్లుమన్నారు.

ఆ గుండిగలోనే పప్పు ఉడికింది, మామూలు కట్టెల మీద. హోటలమ్మ మొదటి ఇస్తరాకు సాయిబు ముందు వేసింది. ఇంటాయన స్వయంగా గరిటె పట్టుకుని వడ్డించాడు. చెయ్యి కొంచెం వణికింది గానీ గరిటె జారలేదు. తర్వాత ఆయనా అదే గుండిగలోది వడ్డించుకుని సాయిబు పక్కనే కూచుని తిన్నాడు. రోడ్డు మీద జనం నిలబడి చూశారు. మరుసటి వారమే మిర్యాలగూడలో ఉండే మా అక్క, సాయిబుతో కళాయి వేయించడానికి అటక మీది నుంచి రాగి గిన్నెలన్నీ దింపించిందని తర్వాత తెలిసింది.

"తప్పు మాట్లాడినం సాయిబూ. మనసుల పెట్టుకోకు," అంది హోటలమ్మ.

సాయిబు ముద్ద కలుపుతూ తల ఊపాడు. ఆ కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరపకాయ ఘాటు అన్నట్టు నీళ్లు తాగాడు. ఆయన చూపు గుండిగ అంచు మీద ఆగింది. నేను రేకుల కత్తెరతో కోసిన గాటు కొత్త కళాయిలో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"రాగిముక్క అతికిస్తనమ్మా, అరగంట పని," అన్నాడు.

"వద్దు సాయిబూ, ఉండనీ. ఎవరన్న అడిగితే నీ ముచ్చట చెప్పాలె గద."

ఆయన దాని గురించి ఆలోచిస్తూ ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. పనితనం మీద అంత పట్టింపు ఉన్న మనిషికి ఆ వంకర కోత చూస్తుంటే ముద్ద దిగడం లేదని నాకు అర్థమవుతూనే ఉంది. చివరికి విస్తరి మీదినుంచి తలెత్తి నన్నొకసారి, గాటునొకసారి చూశాడు.

"సరే ఉంచుకో అమ్మా. కాని ఎవరడిగినా మొదలు ఒక్కమాట చెప్పు. గాటు హైదరాబాదోళ్లది, కళాయి నాది."